మోత లోపలి శాంతం

మాల్ ఆఫ్ అమెరికా దగ్గర బయల్దేరి మినియాపొలిస్ నడిబొడ్డుకి వెళ్ళే రైలు పేరు బ్లూ లైన్. సుమారు నలభై నిమిషాల దారి. ఆఫీసు పని మీద మూడు వారాలు ఉండటానికి వెళ్ళాను. ఆ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. హోటలు, ఆఫీసు, ఆ రెండింటి మధ్యా మంచు. పారలతో రోడ్డు పక్కకి ఎత్తిపోసిన మంచు గడ్డకట్టి, పైన మసి పేరుకుని, నల్లటి గుట్టలుగా పడి ఉంది. ఒక శనివారం సాయంత్రం ఆ రైలెక్కి యో లా టెంగో అనే బృందం కచేరీకి ఒంటరిగా బయల్దేరాను.

పదిహేనేళ్ళ కిందట మా పిన్ని కొడుకు వాళ్ళ పాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. "అక్కా, మోత విని కట్టెయ్యకు. లోపల పాట ఉంటుంది, కాస్త ఆగితే వస్తుంది" అన్నాడు. ఆగాను. వచ్చింది. అప్పటినుంచీ వంటింట్లో, బస్సులో, నిద్రపట్టని రాత్రుల్లో వింటూనే ఉన్నాను. అయితే ఆ మాటని నేను ఒక విధంగా అర్థం చేసుకున్నాను. మోత తొక్క, పాట పండు, తొక్క తీసుకుని పండు తినాలి అనుకున్నాను. అది తప్పని ఆ రాత్రి తెలిసింది.

కచేరీ జరిగే చోటు పేరు ఫస్ట్ ఎవెన్యూ. 1937లో గ్రేహౌండ్ బస్సుల డిపోగా కట్టిన భవనం. వీధి మలుపుతో పాటే గోడ కూడా గుండ్రంగా తిరుగుతుంది. 1970లో జో కాకర్ కచేరీతో అది పాటల ఇల్లయింది. తర్వాత పేర్లు మార్చుకుంటూ వచ్చి 1981 ఆఖర్లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. 1983 ఆగస్టు 3న గాయకుడు ప్రిన్స్ పర్పుల్ రెయిన్ పాటని జనం ముందు మొదటిసారి వాయించింది ఇక్కడే. ఆ రాత్రి చేసిన రికార్డింగే, కాస్త కత్తిరింపులతో, తర్వాత లోకమంతా విన్న పాట. బయటి గోడల మీద నక్షత్రాలు, ఒక్కో నక్షత్రంలో ఇక్కడ వాయించిన వాళ్ళ పేరు. ప్రిన్స్ నక్షత్రం మాత్రం బంగారు రంగులో ఉంటుంది. క్యూలో నా ముందు నిలబడ్డ కుర్రాడు గ్లవ్స్ తీసి ఆ బంగారు నక్షత్రాన్ని అరచేత్తో తాకి ముందుకు నడిచాడు. గుడి గడపని తాకి కళ్ళకద్దుకునే అలవాటున్న నాకు, ఆ పని గురించి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

లోపల కుర్చీలు దాదాపు లేవు. పదిహేను వందల మంది పట్టే హాలు, ఎక్కువమంది నిలబడే వింటారు. వేదిక ముందు పెద్ద తెర దించి ఉంది. నా పక్కన అరవై దాటిన ఒకావిడ, చలికోటు మడిచి చేతికి వేసుకుని నిలబడింది. "మొదటిసారా?" అని అడిగింది. ఊరికా, కచేరీకా అని ఎదురు అడిగాను. "అయితే రెండూ మొదటిసారేనన్నమాట" అని, సంచిలోంచి చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్ళల జత తీసి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడే పెట్టుకోకండి. రెండో సగంలో కావాలి."

అలంకారికుడు అభినవగుప్తుడు రసానుభవానికి అడ్డొచ్చే ఏడు విఘ్నాలు చెప్పాడు. కాలేజీలో పరీక్ష కోసం వల్లెవేశాను. వాటిలో ఒకటి, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండటం. ఇంకొకటి, నేను ఫలానా మనిషిని, ఇది ఫలానా చోటు, ఫలానా వేళ అన్న ఎరుక వదలకపోవడం. హైదరాబాదులో కచేరీకి వెళ్తే ఈ రెండూ నా పక్క సీట్లోనే కూర్చుంటాయి. రవీంద్రభారతి మెట్ల మీదే నలుగురు పలకరిస్తారు, ఇంట్లో గ్యాసు కట్టానా లేదా అన్న అనుమానం మొదటి కీర్తనతో పాటే మొదలవుతుంది. ఇక్కడ నన్ను పలకరించేవాళ్ళు లేరు, నా కోసం ఎదురుచూసే ఇల్లు దగ్గర్లో లేదు. నాటకశాలలో పాటా, వాద్యాలూ, అలంకారమూ ఈ విఘ్నాలని తొలగించే ఉపాయాలన్నాడు ఆయన. తెలియని ఊరు కూడా అలాంటి ఉపాయమే. ఆ ఊరు నా నుంచి నన్ను కొంచెం దూరంగా జరిపి, చెవిని ఖాళీగా ఉంచింది.

తెర పైకి లేచింది. ముగ్గురు మనుషులు, పెద్ద వెలుగులేమీ లేవు. సొంతింటి వరండాలోకి వచ్చినట్టు వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు.

వీళ్ళ గురించి కొంత చెప్పాలి. న్యూయార్క్ నగరానికి హడ్సన్ నది అవతల, న్యూజెర్సీలో హోబోకెన్ అనే చిన్న ఊరుంది. 1984లో ఐరా కాప్లాన్, జార్జియా హబ్లీ అక్కడ ఈ బృందం మొదలుపెట్టారు. ఇద్దరూ భార్యాభర్తలు. ఆయన గిటార్, ఆవిడ డ్రమ్స్, ఇద్దరూ పాడతారు. 1992లో జేమ్స్ మెక్‌న్యూ బేస్ గిటార్‌తో చేరాడు. అప్పటినుంచీ ఈ ముగ్గురే. పాటగాడు కాకముందు కాప్లాన్ సంగీత విమర్శ రాసేవాడు. ఇతరుల పాటలు చెవులారా విని వాటి గురించి ఆలోచించిన మనిషి తన పాట కట్టుకుంటే ఎలా ఉంటుందో, ఈ బృందం అలా ఉంటుంది. వాళ్ళకి వందల కొద్దీ పాతపాటలు కంఠోపాఠం. న్యూజెర్సీలో డబ్ల్యూఎఫ్ఎమ్‌యూ అనే శ్రోతల విరాళాలతో నడిచే రేడియో ఉంది. దాని కోసం ఏటా కూర్చుని, విరాళమిచ్చినవాళ్ళు ఏ పాట అడిగితే ఆ పాట అప్పటికప్పుడు వాయించేవాళ్ళు. వీళ్ళని ఇండీ బృందం అంటారు. ఇండీ అన్న మాట పెద్ద కంపెనీల చేతి కింద లేకుండా చిన్న సంస్థల ద్వారా రికార్డులు తెచ్చుకునేవాళ్ళని చెప్పడానికి పుట్టింది. ఇప్పుడది ఒక రకం ధ్వనికి పేరైపోయింది. వీళ్ళ విషయంలో మాత్రం పాత అర్థమే చెల్లుతుంది. మాటడార్ అనే ఒకే సంస్థలో 1993 నుంచీ ఉన్నారు. 2023లో వచ్చిన దిస్ స్టుపిడ్ వరల్డ్ రికార్డుని బయటి నిర్మాత లేకుండా తామే చేసుకున్నారు.

ఆ రాత్రి మొదటి సగం అంతా మెత్తని పాటలు. ముందు ఇంకో బృందం లేదు, మొత్తం వాళ్ళదే. జార్జియా హబ్లీ డ్రమ్ మీద కర్రలకు బదులు బ్రష్షులు ఆడిస్తోంది. తీగల కుచ్చు తోలు మీద తిరిగే చప్పుడు, చేటలో బియ్యం చెరిగే చప్పుడులా ఉంది. పదిహేను వందల మంది నిలబడ్డ హాల్లో బార్ వైపునుంచి ఎవరి గ్లాసులోనో ఐసుముక్క కదిలిన శబ్దం నాకు వినబడింది. అంత చిన్నగా వాయిస్తున్నారు. పాట శ్రోతల దగ్గరికి రావడం లేదు, శ్రోతలే పాట దగ్గరికి వెళ్తున్నారు. ఆ సన్నదనానికి అలవాటు పడుతున్నకొద్దీ చెవి పదునెక్కింది. బేస్ తీగ మీద వేలు జరిగినప్పటి గీకుడు, గాయకుడు పదం మొదలుపెట్టేముందు తీసుకున్న ఊపిరి, అన్నీ సంగీతంలోకి వచ్చి చేరాయి.

అప్పుడు ఆవిడ ఆసెలెస్టీన్ అనే పాట పాడింది.

జార్జియా హబ్లీ గొంతు గురించి ఎప్పటినుంచో రాయాలని ఉంది. మన కొలతల ప్రకారం అది గొప్ప గాత్రం కాదు. స్థాయి తక్కువ, గమకం లేదు, పై స్వరాల మీద నిలిచే బలం లేదు. అయినా ఆ గొంతు వింటే గుండె దగ్గర ఏదో విచ్చుకుంటుంది. కారణం నాకు తోచింది ఇది. ఆవిడ తల్లిదండ్రులు జాన్ హబ్లీ, ఫెయిత్ హబ్లీ యానిమేషన్ చిత్రాల్లో పెద్ద పేరున్నవాళ్ళు, ఆస్కార్లు అందుకున్నవాళ్ళు. 1968లో వాళ్ళు విండీ డే అనే చిన్న సినిమా తీశారు. ఇంట్లో తమ కూతుళ్ళు ఎమిలీ, జార్జియా ఆడుకుంటూ చెప్పుకునే కబుర్లని రికార్డు చేసి, ఆ మాటలకి తగ్గట్టు బొమ్మలు గీశారు. చిన్నపిల్లల మాటల్లో నటన ఉండదు, ఎవరో వింటున్నారన్న స్పృహ ఉండదు. అరవై దాటిన జార్జియా పాడుతుంటే ఆ గొంతులో ఇప్పటికీ ఆ గుణమే ఉంది. వినిపించడానికి కాక, తనలో తాను అనుకుంటున్నట్టు పాడుతుంది. వినేవాళ్ళం ఆ ఇంటి కిటికీ దగ్గర నిలబడిపోతాం. ఎంత సాధన చేసినా ఈ గుణం రాదు, కానీ ఎంత పేరొచ్చినా దాన్ని పోగొట్టుకోకుండా ఉండటానికి మాత్రం పెద్ద సాధనే కావాలి.

ఇంకో సంగతి. వేదిక మీద భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం చాలా తక్కువ. ఒక పాట చివర ఆయన గిటార్ ఆపడానికి ఒక్క క్షణం ముందు ఆవిడ చెయ్యి డ్రమ్ మీదనుంచి లేచిపోయింది. సైగ లేదు. ఏళ్ళ తరబడి ఒకే వంటింట్లో మసలిన ఇద్దరు ఒకరికొకరు తగలకుండా, తలెత్తకుండా గిన్నెలు అందించుకుంటారే, అదే ఒద్దిక. ప్రేమపాటలు అందరూ కడతారు. కలిసి బతకడం ఎలా ఉంటుందో లయలో చూపినవాళ్ళని నేను మరెవరినీ ఎరగను.

విరామం తర్వాత పక్కావిడ నా వైపు చూసి తన చెవి మీద వేలితో తట్టింది. బిళ్ళలు పెట్టుకున్నాను.

రెండో సగం సినాట్రా డ్రైవ్ బ్రేక్‌డౌన్ అనే పాటతో మొదలైంది. సినాట్రా డ్రైవ్ హోబోకెన్‌లో నది ఒడ్డున ఉన్న వీధి, ఫ్రాంక్ సినాట్రా పుట్టిన ఊరది. జేమ్స్ మెక్‌న్యూ బేస్ మీద ఒక చిన్న వరస పట్టుకున్నాడు. ఏడెనిమిది నిమిషాలు దాన్ని వదల్లేదు, మార్చలేదు, అలంకరించలేదు. కృష్ణా జిల్లాలో మా అమ్మమ్మగారి ఊళ్ళో రామాలయంలో ఏకాహం జరిగేది. ఇరవై నాలుగు గంటలు ఒకే నామం. జట్లు మారతాయి, నామం తెగదు. తెల్లవారుజామున మూడింటికి మాట అర్థం అరిగిపోయి, ఉత్త నాదం మిగిలేది. చిన్నప్పుడు అరుగు మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఆ నాదంలోకి నిద్రపోయేదాన్ని. మెక్‌న్యూ బేస్ కింద నేను నిలబడ్డ నేల అదిరింది, ఆ అదురు కాళ్ళలోంచి పైకి పాకి వెన్నులో నిలిచింది. ఆ అరుగు గుర్తుకొచ్చింది అంటే చాలదు. ఆ అరుగు మీదే ఉన్నాను.

ఆ పునరుక్తి మీద కాప్లాన్ గిటార్ చెలరేగింది. ఆయన చూడటానికి బక్కపల్చటి మనిషి, చెదిరిన జుట్టు. మొదటి సగంలో ఒక్కో తీగనీ పిల్లి నడకలా మీటినవాడు, ఇప్పుడు గిటార్‌ని రెండు చేతులా పట్టుకుని వెనక ఉన్న యాంప్లిఫయర్‌కి ఎదురుగా తిరిగాడు. గిటార్ తీగ కంపిస్తుంది, ఆ కంపనం యాంప్లిఫయర్‌లో పెద్దదై స్పీకర్‌లోంచి వస్తుంది, ఆ శబ్దం మళ్ళీ వచ్చి అదే తీగని కదిలిస్తుంది. మీటక్కర్లేకుండానే తీగ పాడుతూ ఉంటుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. మైకు పక్కన ఇది పుడితే మనం చెవులు మూసుకుంటాం. కాప్లాన్ దాన్ని వాయిస్తాడు. అరడుగు ముందుకు జరిగితే ఒక స్వరం, నడుం కొద్దిగా తిప్పితే ఇంకొకటి. గిటార్‌ని పైకెత్తి ఊపితే స్వరం ఊగుతుంది. ఆయన శరీరం ఎక్కడుందన్నదే శ్రుతి. బిగ్గరగా వాయించడంలో ఇంత ఒడుపు, ఇంత ఓర్పు ఉంటాయని రికార్డులో ఎప్పటికీ తెలియదు.

తంబురా తీగ కింద, గుర్రం మీద, చిన్న దారప్పోగు పెడతారు. దాన్ని జీవా అంటారు. ఆ పోగుని వెంట్రుకవాసి జరిపితే, ఒట్టి టంగుమనే తీగ ఒక్కసారిగా విచ్చుకుని, తనలో దాగిన పైస్థాయి స్వరాలన్నిటినీ రొదగా వినిపిస్తుంది. ఆ రొద లేకపోతే తంబురా చచ్చిపోయినట్టుంటుంది. పేరే చెబుతోంది కదా, జీవమని. ఆ హాల్లో ఆ మోత మధ్య నాకు వినిపించింది ఆ జీవమే. పైకి మోత. లోపల ఒక స్వరం మీద ఇంకో స్వరం, దాని మీద మరొకటి, సన్నటి పొరలుగా. వాటిని వినగలిగానంటే, మొదటి సగం నా చెవిని అందుకు తయారుచేసింది కాబట్టి. ఐసుముక్క చప్పుడు విన్న చెవితోనే ఈ పిడుగుని విన్నాను. మెత్తని పాటల్లో ఉన్న వాత్సల్యమే ఇక్కడా ఉంది, నిలువెత్తుగా పెరిగి. మోత తొక్క కాదు. పాట ఎంత పెద్దదో చూపించడానికి వాళ్ళకి ఆ మోతే కావాలి.

అన్ని చోట్లా ఇది పండలేదు. మధ్యలో ఒక పాట దారి తప్పింది. గిటార్ చెయ్యాల్సింది చేసేశాక కూడా ఆగలేదు, కింద లయకి పట్టు పోయింది, నా ధ్యాస వెనక తలుపు మీద వెలుగుతున్న ఎర్రక్షరాల మీదికి పోయింది. పేరున్న పాతపాట ఒకటి వాళ్ళ చేతిలో ఉట్టి హుషారుగా మిగిలింది. పాటల వరస ప్రతి రాత్రీ మార్చేవాళ్ళకి ఇది తప్పదు. నిన్నటి కచేరీనే ఈ రోజు అప్పజెప్పే బృందాల కంటే, నా కళ్ళముందే వెతుక్కుని ఒకసారి తప్పిపోయే ఈ ముగ్గురే నాకు ఎక్కువ.

ఆఖరి పాట బ్లూ లైన్ స్వింగర్. నేనెక్కి వచ్చిన రైలు పేరు ఆ పాట పేరులో ఉందని అప్పుడుగానీ తట్టలేదు.

ఆ పాట మొదట పాటలా ఉండదు. ఆర్గన్ ఒకే స్వరసమూహాన్ని పట్టుకుని ఉంటుంది. డ్రమ్స్ ఉండుండి గలగలమని దొర్లి ఆగిపోతాయి, వడగళ్ళు రేకుల మీద పడి ఆగినట్టు. గిటార్ ఎక్కడో దూరంగా ఏదో తడుముకుంటూ ఉంటుంది. తాళం లేదు, రాగం తేలలేదు. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. హాల్లో ఎవరూ కదల్లేదు. జార్జియా హబ్లీ కళ్ళు మూసుకుని డ్రమ్స్ మీద ఆ దొర్లుళ్ళని ఒక్కొక్కటే దగ్గరికి లాగుతోంది. విడివిడిగా ఉన్న గలగలల మధ్య ఎడం తగ్గుతోంది. ఎప్పుడో, సరిగ్గా ఎప్పుడన్నది చెప్పలేను, అవి కలిసి నడకయ్యాయి. ఆ నడక మీదికి గిటార్ ఒక చిన్న పలుకుతో వచ్చి కూర్చుంది. అంతసేపూ అది తడుముకున్నది ఈ పలుకు కోసమే. పదిహేను వందల గొంతుల్లోంచి ఒక్క నిట్టూర్పు లేచింది. ఆ పలుకు మళ్ళీ మళ్ళీ వచ్చింది, వచ్చినప్పుడల్లా వెడల్పవుతూ. అప్పుడు, ఆ హోరు మధ్య, ఆవిడ నోరు తెరిచి పాడటం మొదలుపెట్టింది. మొదటి సగంలో ఎంత చిన్నగా పాడిందో అంతే చిన్నగా. గొంతు ఒక్క వీసం కూడా పెంచలేదు. చేతులు తుఫానులా ఆడుతుంటే గొంతు మాత్రం తనలో తాను అనుకుంటున్నట్టు నిలకడగా ఉంది.

శాంతాన్ని తొమ్మిదో రసంగా ఒప్పుకోవాలా వద్దా అన్న తగువు మన అలంకారికుల మధ్య చాలాకాలం నడిచింది. శాంతమంటే కదలికలు ఆగిపోవడం కదా, ఆగిపోయినదాన్ని అభినయించడం ఎలా అన్నది ఆ ప్రశ్న. అభినవగుప్తుడు శాంతం పక్షాన నిలిచాడు. పుస్తకంలో చదివినప్పుడు నాకు ఆ ప్రశ్నే బలంగా తోచింది, జవాబు కాదు. జవాబు ఆ రాత్రి, ఆ డ్రమ్స్ వెనక కూర్చున్న ఆవిడలో చూశాను. చేతుల్లో అంత కదలిక, అంత మోత, వాటి నడుమ చెక్కుచెదరని ఒక చిన్న గొంతు. మోత ఆగితే వచ్చే శాంతం కాదది. మోతని తన పైన పందిరిలా వేసుకుని కూర్చున్న శాంతం. నా కళ్ళవెంట నీళ్ళు కారాయి. దుఃఖమేమీ లేదు. పక్కావిడ చూసింది, ఏమీ అనలేదు, చలికోటు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని మళ్ళీ వేదిక వైపు తిరిగింది.

అంతా అయ్యాక బయట మెట్ల దగ్గర ఆవిడ ఇంకో మాట చెప్పింది. 2001లో మొదలుపెట్టి చాలా ఏళ్ళు, హనుక్కా అనే యూదుల పండగ ఎనిమిది రాత్రులూ వాళ్ళు హోబోకెన్‌లోని మ్యాక్స్‌వెల్స్ అనే చిన్న చోట వాయించేవాళ్ళట, వచ్చిన డబ్బు ధర్మానికి ఇచ్చేవాళ్ళట. 2013లో ఆ చోటు మూతపడ్డాక కొన్నేళ్ళకి న్యూయార్క్‌లో బావరీ బాల్‌రూమ్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. "ఒక్కసారైనా వెళ్ళండి" అంది. ఆవిడ పేరు నేను అడగలేదు, నా పేరు ఆవిడ అడగలేదు. స్పాంజి బిళ్ళలు తిరిగివ్వబోతే వద్దని నవ్వి, మంచుగుట్టల పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది.

ఈ వ్యాసం చదివిన మీరు ఆ ఊరికి వెళ్ళలేకపోవచ్చు. బ్లూ లైన్ స్వింగర్ 1995లో వచ్చిన ఎలెక్ట్రోపురా రికార్డులో చిట్టచివరి పాట, తొమ్మిది నిమిషాల పైచిలుకు. ఇంట్లో అందరూ పడుకున్నాక, ఫోన్ బోర్లా పెట్టి, కాస్త పెద్దగానే పెట్టుకుని వినండి. మొదటి రెండు నిమిషాల్లో దయచేసి ఆపకండి.